షిప్పన్న సాక్ష్యం

మొన్న మంగళవారం ఆదోని కోర్టు నుంచి వచ్చి ఎమ్మిగనూరు బస్టాండులో దిగేసరికి షిప్పన్న టీ కొట్టు మూసి ఉంది. పక్కన పూలు అమ్మే ఆమె నన్ను చూసి చేతిలో మాల పక్కన పెట్టింది.

"నీకు తెల్దా లాయరమ్మా? పొద్దున్నే పోయినాడు. పాలు కాస్తాకాస్తా గుండె పట్టుకొని కూకున్నాడు. అంతే."

ఇంటికి పోకుండా అట్నుంచి అటే వాళ్ల పేటకు నడిచాను. దారి పొడవునా నా కళ్లకు కట్టింది ఆయన ముఖం కాదు, వీపు. ఆయన నేల తుడిచేటప్పుడు వెనక్కి నడిచేవాడు. మనం ఇళ్లల్లో వంగి తుడుస్తూ తుడిచిన చోటే అడుగులు వేస్తాం. ఆయన నిటారుగా నిలబడి, పొడుగు కర్ర ఉన్న తుడుపుగుడ్డను అటూ ఇటూ తిప్పుతూ, ఒక్కో అడుగు వెనక్కి వేసేవాడు. వెనక ఎవరొచ్చినా తిరిగి చూడకుండానే తెలిసేది. "రోంత ఆగప్పా, తడుంది" అనేవాడు. బస్టాండు పక్కన నాలుగు బల్లలు పట్టే టీ కొట్టులో ఈ పని రోజుకు ఎన్నిసార్లు చేసేవాడో లెక్క లేదు. గ్లాసు ఒలికితే ముందు నేల తుడిచి, తర్వాతే ఇంకో టీ ఇచ్చేవాడు. మబ్బు పట్టిందంటే గడప దగ్గర గోనెసంచి పరిచేవాడు.

కండక్టర్లకు ఇది వేళాకోళం. "షిప్పన్నా, ఇది బస్టాండప్పా, ఓడ గాదు" అనేవాళ్లు.

"పడేటోనికి ఓడయితేనేమి, బస్టాండయితేనేమి. ఇరిగే ఎముక ఒగటే" అనేవాడు ఆయన.

సముద్రం ఏ దిక్కున ఉందో కూడా సరిగ్గా చెప్పలేని మా ఊళ్లో ఆయనకు ఆ పేరు ఎట్లా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఏడేళ్లు విహార నౌకల మీద పనిచేశాడు. గదులు సర్దడం, వరండాలు, మెట్లు తుడవడం. సొంత పేరు చర్చి పుస్తకంలోనూ ఆధార్ కార్డులోనూ తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. కొత్తగా టీ తాగడానికి వచ్చినవాళ్లు తప్పకుండా ఒక ప్రశ్న అడిగేవాళ్లు. సముద్రం ఎట్లుంటాదన్నా, అని.

"నేను సముద్రం సూడనీకె పోలేదప్పా. నేల సూడనీకె పోయినా. నేల గురించి అడుగు, సెప్తా."

అడిగితే నిజంగానే చెప్పేవాడు. భోజనాల హాలు ముందు పాలరాయి, అది నీళ్లు పడితే అద్దం. ఈత కొలను చుట్టూ కర్ర పలకలు, అవి తడిని తాగుతాయి, నమ్మవచ్చు. వంటగది వెనక గరుకు రబ్బరు, అది అన్నిటికంటే మంచిది, కానీ అక్కడికి పాసింజర్లు రారు. ఒక్కొక్క నేల గురించి, రైతు తన చేలల్లో మట్టి గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

ఇంకో విద్య ఉండేది. భుజం మీది తువ్వాలుతో ఏనుగునో కుందేలునో హంసనో చేసి బల్ల మీద నిలబెట్టేవాడు. ఓడ మీద గది సర్దాక మంచం మీద అట్లాంటిది ఒకటి పెట్టి రావాలట. మంత్రాలయం బస్సు నడిపే పెద్దమీసాల డ్రైవరు ఒకాయన రోజూ కుందేలు అడిగేవాడు. టీ తాగినంతసేపు దాన్ని ఎదురుగా పెట్టుకునేవాడు.

నాకు ఆయన తెలిసింది మాత్రం ఈ కొట్టు పెట్టకముందు.

మా అమ్మ, ఆయన భార్య ఒకే మగ్గాల షెడ్డులో నూలు చుట్టేవాళ్లు. నేను అప్పుడే ఆదోనిలో ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. కేసులు లేవు, కోటు మాత్రం కొత్తది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక తెల్లచొక్కాలో ఆయన మా ఇంటికి వచ్చాడు. సెలవు మీద ఊరికొచ్చి నెలయిందట. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మడత పడని ఒక కాయితం. మా అమ్మ అప్పుడే అరుగు కడిగింది. రమ్మంటే రాడు. "ఆరనీమ్మా, తొందరేముంది" అని ఎండలో నిలబడ్డాడు. అరుగు ఆరిందాకా అట్లే నిలబడి, అప్పుడు ఎక్కి కూర్చున్నాడు.

ఆ కాయితం షోలాపూర్ నుంచి ఒక లాయరు ఇంగ్లీషులో రాసిన ఉత్తరం. చదివి చెప్పబోయాను.

"సదివినా తల్లీ. అర్థమైంది. అర్థమయినందుకే వచ్చినా" అన్నాడు.

తర్వాత సంగతంతా చెప్పాడు. ఓడలో ఆయన సర్దే గదుల్లో ఒకదాంట్లో షోలాపూర్ ముసలామె దిగింది. కొడుకు, కోడలు, మనవరాలితో విహారానికి వచ్చింది. ముత్తాతల కాలంలో మగ్గం పని వెతుక్కుంటూ అక్కడికి పోయిన తెలుగువాళ్లు. ఈయన పక్కగదిలో ఎవరితోనో ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే విని, వాకిట్లో నిలబడి, "ఏ ఊరు బిడ్డా నీది" అని అడిగింది. ఎమ్మిగనూరు అన్నాడు. "మగ్గాలు ఇంకా ఆడుతున్నయా అక్కడ?" అంది. ఏడేళ్లలో ఓడ మీద ఊరి గురించి ఆయన్ను ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

"మూడో దినం పొద్దున" అని చెప్పుకొచ్చాడు, "భోజనాల హాలుకు పోయే మెట్ల కాడ ఏసీ పైపు కారతాండె. అంతకుముందు రెండు దినాల నుంచి కారతానే ఉండె. రిపేర్ల పుస్తకంలో రాసినా, సూపర్‌వైజరుకు సెప్పినా. తుడుస్తాండా, మళ్ల కారతాండాది. తడి ఉందని పసుపు బోర్డు పెట్టినా. నాకు మూడంతస్తులకు ఒగటే బోర్డమ్మా. ఆ పొద్దు కింది అంతస్తులో ఎవురో పానకం ఒలకపోసినారు. పెద్దోళ్లు తనిఖీకి వస్తాండారు, బిరీన బోర్డు తీసకరా అని ఫోన్ వచ్చె. తీసకపోయినా. నా సేత్తోనే తీసినా. మళ్ల వచ్చేసరికి ఆయమ్మ పడిపోయి ఉండాది."

నడుము కింద ఎముక విరిగింది. డాక్టరు వచ్చేదాకా ఆమె తల కింద తువ్వాలు మడిచి పెట్టి, చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం ఆఫీసులోకి పిలిచారు. ఒక కాయితం ముందు పెట్టారు. బోర్డు ఉంది, పాసింజరు చూసుకోలేదు, కాళ్లకు జారే చెప్పులు వేసుకుంది అని ఇంగ్లీషులో ఉంది.

"సంతకం పెట్టినావా అన్నా?"

"పెట్టినా."

మా అమ్మ నీళ్లు తెచ్చింది. తాగి గ్లాసు కింద పెట్టి, అడుగున తడి అరుగుకు అంటిందని చొక్కా కొసతో తుడిచాడు.

ఇప్పుడా ముసలామె షోలాపూర్‌లో వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసింది. ఓడ కంపెనీ జవాబులో ఆయన సంతకం పెట్టిన కాయితమే జతచేసింది. ఆమె లాయరు రాసిన ఉత్తరంలో ఒకటే మాట: మీరు వచ్చి నిజం చెప్పగలరా? ఇంకో ఇరవై రోజుల్లో ఆయన మళ్లీ ఓడెక్కాలి. సాక్ష్యం చెబితే ఓడ మాట మరిచిపోవచ్చు. కూతురు ఆదోనిలో నర్సింగు రెండో సంవత్సరం చదువుతోంది. ఇంట్లో వేరే రాబడి అంటే భార్య చుట్టే నూలే.

నేను చదువుకున్న చట్టంలోంచి ఏదో చెప్పాను. కమిషన్ సమన్లు పంపితే తప్ప పోవాల్సిన పని లేదు, ఉత్తరానికి జవాబు ఇవ్వకపోయినా తప్పు కాదు, అని. ఆయన విని తల ఊపాడు.

"అది గాదమ్మా నేను అడిగేది. ఆయమ్మ పడిందానికి ఎవురు బాధ్యులు? అది తెలిస్తే, పోవల్నో వద్దో నాకే తెలుస్తాది."

మా సీనియర్‌ను అడుగుదామన్నాను. మరుసటి రోజు ఇద్దరం బస్సెక్కి ఆదోని పోయాం.

మధ్యాహ్నం లాయర్లందరూ టీకి కూడే గదిలో మా సీనియర్ ఒక మూల కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, మాట నిదానం. నేను కేసు సంగతి చెప్పాను. షిప్పన్న తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన ఎవరో నేను ఇంకా చెప్పలేదు. ఇంతలో మోటారు ప్రమాదాల కేసులు చూసే ఆదోని వకీలు ఒకాయన, గట్టి గొంతు మనిషి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆయన ఎక్కువగా లారీలు, బస్సుల యజమానుల తరఫునే వాదిస్తాడు.

"దీంట్లో ఏముంది భాయ్. టికెట్టు ఎనక షరతులుంటాయి. ఓడ కదులుతాది, సూసుకొని నడవండి, పడితే మాకు సంబంధం లేదు అని. టికెట్టు కొన్నప్పుడే ఒప్పుకున్నట్ల" అన్నాడు.

"రాసుకున్నంత మాత్రాన తన అజాగ్రత్త తనది కాకుండా పోతుందా?" అన్నాడు మా సీనియర్. "ఉరుకుంద ఈరన్న జాతరకు బస్సు పోతోందనుకో. మెట్టు విరిగి ఉంది. ఎక్కే మనిషి కాలు పోయింది. టికెట్టు వెనక 'మెట్టుకు మాది బాధ్యత కాదు' అని అచ్చువేసి ఉంటే యజమానిని వదిలేస్తావా?"

"బస్సు వేరే సార్. దానికి మోటారు చట్టముంది. ఇది నీళ్ల మీద. యా దేశం జెండా, యా కోర్టు, అదంతా షరతుల్లో రాసింటారు."

"ఆమె షోలాపూర్‌లో ఉంది. ఉన్న ఊళ్లోనే ఫిర్యాదు చేసుకోవచ్చని వినియోగదారుల చట్టం చెబుతోంది. కంపెనీ రాసుకున్న షరతు చట్టం కంటే పెద్దది కాదు."

వకీలు తగ్గలేదు. "సరే, కోర్టు సంగతి వదులు. కంపెనీ బోర్డు ఇచ్చిందా లేదా? ఇచ్చింది. పెట్టాల్సినోడు తీసేసినాడు. ఇంగ కంపెనీని ఏం అంటావ్? తప్పు ఆ ఊడ్సేటోనిది. ఆయమ్మ వాని మీద వేసుకోవాల కేసు."

బెంచీ మీద నుంచి షిప్పన్న లేచాడు.

"ఆ ఊడ్సేటోన్ని నేనే సార్" అన్నాడు.

గదిలో టీ తాగుతున్నవాళ్లందరూ అటు తిరిగారు. షిప్పన్న గొంతులో కోపం లేదు. "మీరు సెప్పింది తప్పు అననీకె లేసింది గాదు సార్. నా ఎదురుగా సెప్పినారని తెలియల్ల గదా, అందుకు" అన్నాడు. తర్వాత మా సీనియర్ వైపు తిరిగాడు. "ఒగ మాట అడుగుతా సార్. టికెట్టు ఎనక రాసిండేది ఆయమ్మ సదవలేదు. నేను సంతకం పెట్టిన కాయితం గూడ పూర్తిగా సదవలేదు. సదవకుండానే ఇద్దరమూ కట్టుబడిపోయినామా?"

మా సీనియర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. నేను ఆయన దగ్గర పనిచేసిన ఆరేళ్లలో ఒక ప్రశ్నకు అంతసేపు ఆలోచించడం ఆ ఒక్కసారే చూశాను.

"పనివాడు పని చేస్తూ చేసిన పొరపాటుకు యజమానే జవాబుదారీ. అది పాత సూత్రం. ఆమెకు నష్టపరిహారం ఇవ్వాల్సింది కంపెనీయే. నీ మీదికి రాదు" అన్నాడు. "కానీ నువ్వు పోయి చెబితే ఇంకొకటి ఉంది. అప్పుడు అబద్ధానికి సంతకం పెట్టినావు. ఆ కాయితం నీ ముందు పెట్టి, నలుగురిలో నిన్ను అబద్ధాలకోరు అంటారు."

"అంటారు సార్. ఆడినా గదా. ఒగసారి ఆడినందుకు ఒగసారి అనిపించుకుంటా."

అప్పుడు ఆ మోటారు వకీలు లేచి తన కుర్చీ ఆయనకు వేశాడు. "కూకో అప్పా. వాళ్ల వకీలు నిన్ను ఎట్ల అడుగుతాడో నాకు తెలుసు. నేనే వాళ్ల వకీలు అనుకో" అని, ఆ మధ్యాహ్నమంతా తన కోర్టు పని పక్కనపెట్టి, ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు వేశాడు. షిప్పన్న ఒక్కదానికి కూడా మాట తిప్పలేదు. చివరికి వకీలు నా వైపు చూసి, "ఈయప్పకు నేర్పేది ఏమీ లేదమ్మా. మనమే నేర్చుకోవల్ల" అన్నాడు.

బస్సులో వెనక్కి వస్తూ భార్య ఏమందని అడిగాను. "ఆయమ్మ పడినప్పటి నుంచి ఫోన్‌లో గూడ నువ్వు నవ్వలేదు, పోయి సెప్పిరా పో, అనె" అన్నాడు.

నన్ను తోడు రమ్మన్నాడు. ఆదోని స్టేషన్లో రైలెక్కితే అదే పట్టాల మీద షోలాపూర్. కిటికీ పక్కన కూర్చుని, కృష్ణా నది వచ్చేదాకా బయటి పొలాలు చూశాడు. దాటాక ఒకటే చెప్పాడు. "నాకు ఇంగ్లీషు ఓడ మట్టుకు వస్తాది. హిందీ గూడ వస్తాది. అయినా ఆడ తెలుగులోనే సెప్తానమ్మా. అబద్ధం ఇంగ్లీషులో సంతకం పెట్టినా. నిజం నా మాటలో సెప్తా. నువ్వు మార్చి సెప్పు."

కమిషన్ హాలు చిన్నది. పాత ఫ్యాను చప్పుడు. అధ్యక్షురాలు నడివయసు మనిషి. ఆయన మాటను నేను ఇంగ్లీషులోకి మార్చడానికి అనుమతి ఇచ్చింది. ముసలామె పట్టుకుని నడిచే వాకరును పక్కన పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. షిప్పన్న నమస్కారం పెట్టాడు. ఆమె తల తిప్పుకుంది. ఆయన అది చూశాడు. చూసి, సాక్షి నిలబడే చోటికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కంపెనీ తరఫు లాయరు పెద్ద ఊరి నుంచి వచ్చినవాడు. మర్యాదగా మాట్లాడేవాడు. కాయితం చూపించాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ఇందులో బోర్డు ఉందని ఉంది. ఇప్పుడు లేదంటున్నారు. మీరు అబద్ధం చెప్పింది అప్పుడా, ఇప్పుడా?"

"అప్పుడు."

లాయరు ఆ జవాబు అనుకోలేదని తెలిసిపోయింది. కాయితాలు తిరగేయడానికి కొంత సమయం తీసుకున్నాడు.

"ఎవరైనా బెదిరించి పెట్టించారా?"

"లేదు సార్. బెదిరిచ్చలేదు. మళ్ల కాంట్రాక్టు వస్తాదిలే అన్నారు. నాకు అది సాలిపాయ."

"ఆమె వేసుకున్న చెప్పులు జారే రకం. అది ఆమె అజాగ్రత్త కాదా?"

"ఆ మెత్తటి సెప్పులు గదిలో పెట్టింది నేనే సార్. కంపెనీ ఇచ్చినవే. పాసింజర్లకు అందరికీ అవే పెడ్తాం."

అధ్యక్షురాలు తల ఎత్తి చూసింది. ఏదో రాసుకుంది. లాయరు గొంతు కొంచెం గట్టిపడింది.

"బోర్డు అక్కడి నుంచి తీసింది ఎవరు?"

"నేను."

"అంటే ఈ ప్రమాదానికి కారణం మీరే కదా?"

నేను దాన్ని తెలుగులో చెప్పాను. మీరే కదా, అని. ఫ్యాను తిరుగుతోంది. కూతురి చదువు, నూలు చుట్టే భార్య, ఇక ఎప్పటికీ రాని ఓడ, అన్నీ నాకే గుర్తుకొచ్చాయి. ఇక్కడ ఎటు జారినా మనిషి పోతాడు.

"నేనూ" అన్నాడు.

తెలుగు వచ్చినవాళ్లకు ఆ మాట చాలు. నేనే అనలేదు, నేను కాదు అనలేదు. ఒక్క దీర్ఘంలో ఎవరి వాటా వాళ్లకు పంచిపెట్టాడు. దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి నాకు రెండు వాక్యాలు పట్టాయి. అయినా సరిగ్గా రాలేదు. అధ్యక్షురాలు వివరంగా చెప్పమంది. అప్పుడు చెప్పాడు.

"బోర్డు తీసింది నేను. మూడు దినాలు పైపు కారతాంటే కట్టనిది నేను గాదు. మూడంతస్తులకు ఒగ బోర్డు ఇచ్చింది నేను గాదు. ఒగ తావ పెడితే ఇంగో తావ ఉండదు. పుస్తకంలో రాసినా, తెప్పిచ్చుకొని సూడండి. నా పాలు నేను మోస్తా తల్లీ. వాళ్ల పాలు ఆయమ్మ కాలి మీద పెట్టద్దని సెప్పండి."

ఆ పుస్తకం తెప్పించమని కమిషన్ కంపెనీకి చెప్పింది. ఆ పూటకు పని అయిపోయింది.

బయట వరండాలో ముసలామె ఆగింది. కొడుకు కారు తేవడానికి పోయాడు. షిప్పన్న దూరంగా గోడ పక్కన నిలబడ్డాడు. ఆమే పిలిచింది.

"ఇటు రా బిడ్డా."

వచ్చాడు.

"నీ మీద కోపం ఉండె నాకు. బోర్డు తీసినవని కాదు, అది నాకు ఇయ్యాలే తెలిసింది. సంతకం చేసినవని కోపం. నా తలకాయ కింద తువ్వాల పెట్టినోడు గిట్ల రాస్తడా అని ఎన్ని దినాలు ఏడ్చిన్నో. కాలు నొప్పి కంటే అదే ఎక్కువ నొచ్చింది."

ఆ హాల్లో అంత నిబ్బరంగా నిలబడిన మనిషి, ఆమె ముందు చొక్కా గుండీ పట్టుకుని తిప్పుతూ ఉండిపోయాడు. ఆమె చెయ్యి చాపింది. మెట్లు దిగడానికి ఆయన భుజం పట్టుకుంది. మమ్మల్ని ఇంటికి తీసుకుపోయి జొన్నరొట్టె, వేరుశనగ పొడి పెట్టి, రైలు వేళకు పంపింది.

పది రోజులకు ఫోన్‌లో మెయిల్ వచ్చింది. మీ సేవలు ఇక అవసరం లేదు, అని. పని ఇప్పించే ఏజెంటు ఫోనెత్తడం మానేశాడు. వేరే ఓడలకు రాసుకున్నా ఎవరూ పిలవలేదు. ఊళ్లో కొందరు పిచ్చోడన్నారు. ఎవరో ముసలిదానికోసం బంగారంలాంటి పని పోగొట్టుకున్నాడన్నారు. ఆయన జవాబిచ్చినట్టు నేను వినలేదు. ఆ నెలలోనే బస్టాండు పక్కన పొయ్యి రాజేశాడు. పొద్దున బొరుగుల ఉగ్గాని, బజ్జి, తర్వాత రోజంతా టీ. కూతురి చదువు ఆగలేదు. ఎట్లా నెట్టుకొచ్చాడో ఆయనకూ ఆయన భార్యకూ తెలుసు. చదువైపోయి ఆ అమ్మాయి ఆదోనిలో ఆసుపత్రిలో చేరిన రోజు బస్టాండులో అందరికీ బజ్జీలు పంచాడు.

కానీ అది తర్వాతి మాట. కొట్టు పెట్టిన ఏడాదికి కమిషన్ తీర్పు వచ్చింది. షోలాపూర్ లాయరు నాకు పంపాడు. నేను ఫోన్‌లో పెట్టుకుని కోర్టు నుంచి నేరుగా కొట్టుకు పోయాను. సాయంత్రం బస్సుల వేళ, బల్లలన్నీ నిండి ఉన్నాయి. ముసలామె గెలిచింది అన్నాను. ఆయన పాల గిన్నె దించి చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. టికెట్టు వెనక షరతు చెల్లదన్నారు, కంపెనీదే బాధ్యత అన్నారు, ఆమె వైద్యం ఖర్చూ పరిహారమూ ఇమ్మన్నారు, అని ఒక్కొక్కటే చెప్పాను. అన్నిటికీ మంచిదాయ, మంచిదాయ అంటున్నాడు. కంపెనీ తెచ్చిన పుస్తకంలో పైపు గురించి ఆయన చేతిరాత మూడు చోట్ల కనపడిందని చెప్పాను. దానికీ మంచిదాయ అన్నాడు.

"నీ గురించి ఒక పేరా ఉందన్నా" అన్నాను.

"నా గురించా?"

ముందు ఇంగ్లీషులో చదివి తర్వాత తెలుగులో చెప్పాను. "ఈ సాక్షి తనను తాను కాపాడుకోవడానికి ఒక్క మాట కూడా చెప్పలేదు. తనకు నష్టం కలిగించే సంగతిని ముందు ఒప్పుకుని, ఆ తర్వాతే మిగిలింది చెప్పాడు. అతని మాట నమ్మడానికి మాకు ఇంకో కారణం అక్కర్లేదు."

"నా పేరు రాసినారా దాంట్లో?"

"రాసినారు."

"సూపీ."

చూపించాను. వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకున్నాడు. ఇంటిపేరుతో సహా తప్పు లేకుండా ఉంది.

"ఓడ మీద ఏడేండ్లు నాకు నంబరేనమ్మా. నా పేరుతో ఒగటే కాయితం రాసినారు, అది అబద్ధం కాయితం" అన్నాడు. "ఇది రెండోది."

పొయ్యి మీద డికాషన్ పొంగబోతోంది. ఎవరో అటు పోయి దించారు. ఆయన ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కొట్టు పెట్టినప్పటి నుంచి బేరం వేళ ఆయన కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఇంగోసారి సదువమ్మా" అన్నాడు. "తెలుగులో సదువు."

ఈసారి గట్టిగా చదివాను. టీ తాగుతున్నవాళ్లు మాటలు ఆపారు. ఆదోని బస్సు కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదకుండా, పేరా అయిపోయిందాకా నిలబడ్డాడు.